గడ్డి చేమంతి: ఒక్క పువ్వులో ఒక ఊరు

నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డు పక్కన, కృష్ణపట్నం రేవు దారిలో, చేను గట్ల మీద, బడి ఆవరణలో, చివరికి పాతగోడ పగుళ్ళలో కూడా ఒక చిన్న మొక్క కనిపిస్తుంది. నేలను కరుచుకొని పాకుతుంది. దాని ఆకులు ఎదురెదురుగా, జంటలుగా ఉంటాయి. వాటి అంచులు రంపపు పళ్ళలా ఉంటాయి. ముట్టుకుంటే గరుకు. నేలబారు కొమ్మల నుంచి జానెడు పొడవున సన్నని కాడ నిటారుగా లేస్తుంది. కాడ కొనన గోరంత పువ్వు. మధ్యలో పసుపు, చుట్టూ మీగడ రంగు రేకులు. అదే గడ్డి చేమంతి.

దీనికి పేర్లు చాలా ఉన్నాయి. గాయానికి పూస్తారు కనుక గాయపాకు అన్నారు. పలకల మీద బలపంతో రాసే రోజుల్లో పిల్లలు ఈ ఆకును పలకకు రుద్ది నల్లగా నిగనిగలాడేలా చేసుకొనేవారు. అందుకని పలకాకు అయింది. ఇక పిల్లలు పెట్టిన పేరు రావణాసురుడి తలకాయ. కాడను వేళ్ళ మధ్య పట్టుకొని బొటనవేలితో తలను టప్పున ఎగరగొట్టే ఆట మీకూ తెలిసే ఉంటుంది.

పేరు పెట్టినవాళ్ళు శాస్త్రజ్ఞులు కాకపోయినా, ఆ పేరులో ఒక సత్యం ఉంది. రావణుడికి ఒక మొండెం మీద పది తలలు. ఈ మొక్కకు ఒక కాడ మీద పదుల కొద్దీ పువ్వులు! "అదేమిటి? కాడకు ఒక్క పువ్వే కదా!" అంటారా? రండి, లెక్క పెడదాం.

రేకు కాదు, పువ్వే!

ఒక గడ్డి చేమంతి తలను తెచ్చి తెల్లకాగితం మీద పెట్టండి. ఒక గుండుసూదీ, వీలుంటే ఒక భూతద్దమూ దగ్గర ఉంచుకోండి. ముందు అంచున ఉన్న మీగడ రంగు రేకులను చూడండి. సాధారణంగా అయిదు ఉంటాయి. ఒక రేకును అడుగంటా లాగి చూస్తే, దాని కింద గింజలా చిన్న ముద్ద కనిపిస్తుంది. అది అండాశయం. దానిపైన సన్నని గొట్టం, గొట్టంలోంచి రెండుగా చీలిన దారం లాంటి కీలాగ్రం కనిపిస్తాయి. మామూలు రేకుకు, అంటే మందార రేకుకో తామర రేకుకో, అండాశయం ఉంటుందా? ఉండదు. కాబట్టి ఇది రేకు కాదు. ఇది ఒక పూర్తి పువ్వు. దీనిలో కేసరాలు లేవు. అంటే ఇది ఆడ పువ్వు. వీటిని కిరణ పుష్పకాలు అంటారు.

ఇప్పుడు మధ్యనున్న పసుపు భాగాన్ని సూదితో విడదీయండి. అది సన్నసన్నని గొట్టాల కట్ట. ఒక్కొక్క గొట్టం కొన అయిదు మొనలుగా చీలి ఉంటుంది. అడుగున అండాశయం, లోపల అయిదు కేసరాలు, వాటి నడుమ కీలం ఉంటాయి. ఇదీ పూర్తి పువ్వే. దీనిలో ఆడ భాగమూ, మగ భాగమూ రెండూ ఉన్నాయి. వీటిని బింబ పుష్పకాలు అంటారు. ఒక తలలో ఇవి పదుల సంఖ్యలో ఉంటాయి. వీటన్నిటినీ కలిపి మనం "ఒక పువ్వు" అని పిలుస్తున్నాం!

ఒక ఊరిని తలుచుకోండి. పొలిమేరలో కొందరు రంగు జెండాలు పట్టుకొని నిలబడి, దారిన పోయేవారిని పిలుస్తారు. లోపల మిగతావారు బజారు పెట్టుకొని సరుకు ఇచ్చి పుచ్చుకొంటారు. గడ్డి చేమంతి తల అలాంటి ఊరే. అయిదు కిరణ పుష్పకాలు జెండాలు. బింబ పుష్పకాలు బజారు. సరుకులు తేనె, పుప్పొడి. వచ్చేవారు సీతాకోకచిలుకలు, తేనెటీగలు. విడివిడిగా ఉంటే కంటికి ఆనని పూలు ఒకచోట చేరి పెద్ద పువ్వులా కనిపిస్తున్నాయి. సీతాకోకచిలుక ఒక్కసారి వాలితే చాలు, లేవకుండానే ఎన్నో పూలలో తేనె తాగుతుంది.

పొద్దుతిరుగుడు, బంతి, చామంతి, గుంటగలగరాకు, పొలాలను పీడించే వయ్యారిభామ కూడా ఇలాంటి ఊళ్ళే. వీటన్నిటిదీ ఒకే కుటుంబం. పూర్వం కంపోజిటే అనేవారు. "కలిపి కూర్చినవి" అని ఆ మాటకు అర్థం. ఇప్పుడు ఆస్టరేసి అంటున్నారు. ప్రపంచంలో ఈ కుటుంబానికి చెందిన జాతులు 20,000కు పైగా ఉన్నాయి. పూచే మొక్కలలో అతి పెద్ద కుటుంబాలలో ఇది ఒకటి.

సీసా కడిగే కుంచె

బింబ పుష్పకంలో ఒక చమత్కారం ఉంది. అయిదు కేసరాల పుప్పొడి సంచులూ అంచులంటుకొని ఒక గొట్టంలా తయారవుతాయి. సంచులు పగిలి పుప్పొడి ఆ గొట్టం లోపలే రాలుతుంది. కీలం కింద నుంచి పెరుగుతూ ఆ గొట్టంలోంచి పైకి వస్తుంది. సీసా కడిగే కుంచె సీసాలోని మురికిని బయటికి తెచ్చినట్లు, కీలం పుప్పొడిని పైకి నెట్టుకొస్తుంది. అక్కడ వాలిన పురుగు కాళ్ళకూ మూతికీ అది అంటుకొంటుంది.

అప్పటిదాకా కీలం కొన ముడుచుకొనే ఉంటుంది. పుప్పొడి పోయిన తరువాతే అది రెండుగా విచ్చుకొని వేరే పువ్వు పుప్పొడిని అందుకొంటుంది. ముందు ఇవ్వడం, తరువాత పుచ్చుకోవడం! పైగా పూలు అన్నీ ఒకేసారి విచ్చవు. అంచు వరుసతో మొదలై లోపలికి వరుస వెంట వరుస విచ్చుతాయి. పూచిన తలను భూతద్దంతో చూస్తే ఈ తేడా మీకే తెలుస్తుంది.

పువ్వుకొక గింజ, గింజకొక గొడుగు

ఇందులో ఒక్కొక్క చిన్న పువ్వూ ఒక్కటే గింజను ఇస్తుంది. బెండ పువ్వును చూడండి. ఒక పువ్వు నుంచి ఒక కాయ, కాయనిండా గింజలు. కాయ ఎండి పగిలితే గింజలన్నీ దాదాపు ఒకేచోట పడతాయి. గడ్డి చేమంతి పద్ధతి వేరు. ప్రతి గింజకూ విడిగా ఒక వాహనం ఉంది.

ఆ వాహనం ఎక్కడిది? మామూలు పువ్వుకు అడుగున పచ్చని రక్షక పత్రాలు ఉంటాయి. ఈ కుటుంబంలో అవి చాలా మొక్కలలో వెంట్రుకలుగా మారిపోయాయి. దీనిని కేశగుచ్ఛం అంటారు. గడ్డి చేమంతిలో నల్లని గింజ 2 మిల్లీమీటర్ల పొడవుంటుంది. దాని నెత్తిన ఈకల్లాంటి తెల్లని వెంట్రుకలు గింజకంటె పొడవుగా విచ్చుకొని ఉంటాయి. ఎండలో తల బాగా ఆరితే గింజలన్నీ విడివడి తెల్లని దూదిబంతిలా కనిపిస్తాయి. గాలి వీచిందా, ఒక్కొక్కటే లేచిపోతాయి.

వెంట్రుకల మధ్య అంతా ఖాళీయే కదా, మరి గాలి వాటిని ఎలా మోస్తుంది? ఈ కుటుంబానికే చెందిన డాండెలియన్ అనే మొక్క గింజమీద ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసి, 2018లో ఫలితాలు ప్రకటించారు. గింజ కిందికి దిగుతుంటే గాలి వెంట్రుకల సందుల్లోంచి పైకి పోయి, కుచ్చుకు కొంచెం పైన ఒక సుడిగా తిరుగుతుంది. ఉంగరం ఆకారంలో ఉన్న ఆ సుడి గింజను అంటకుండా దానితోనే దిగుతుంది. ఈ సుడివల్ల కుచ్చు పైన గాలి ఒత్తిడి తగ్గి, గింజ మెల్లగా దిగుతుంది. వెంట్రుకల మధ్య ఖాళీ లోపం కాదు, అదే కీలకం అన్నమాట.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఎదుటి గాలి గింజను 2 మీటర్ల ఎత్తుకు లేపిందనుకోండి. అది నేలకు దిగడానికి 4 సెకన్లు పట్టిందనుకొందాం. గాలి గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వీస్తుంటే, సెకనుకు 5 మీటర్లు. అంటే గింజ 20 మీటర్ల దూరంలో వాలుతుంది. కుచ్చు లేకపోతే సెకనులోపే నేల తాకేది. నెల్లూరు తీరంలో పగలు సముద్రం నుంచి నేలమీదికీ, రాత్రి నేలమీద నుంచి సముద్రం వైపుకీ గాలి వీస్తుంది. ఈ రెండు గాలులూ ఈ గింజలకు రోజూ నడిచే ఉచిత బస్సులు!

మెక్సికో నుంచి మైపాడుకు

అయితే గాలి ఎంత వీచినా మహాసముద్రాలను దాటించలేదు. ఎందుకీ మాట అంటే, గడ్డి చేమంతి మన దేశపు మొక్క కాదు. దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో దీనికి ట్రైడాక్స్ ప్రోకంబెన్స్ అని పేరు పెడుతూ, ఇది మెక్సికోలోని వెరాక్రూజ్ మొక్క అని రాశాడు. ప్రోకంబెన్స్ అంటే లాటిన్ భాషలో నేలమీద పరచుకొన్నది అని అర్థం. ఓడల్లో సరుకులతోపాటు మనుషుల వెంట ఇది వేడిదేశాలన్నిటికీ పాకింది. మన పండుగ బంతిపూలది కూడా మెక్సికోయే! బంతిని మనం పిలిచి పెంచుకొన్నాం. ఇది పిలవకుండానే వచ్చింది. అంతే తేడా. మెక్సికో పొరుగునే ఉన్న అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం దీనిని హానికరమైన కలుపుమొక్కల జాబితాలో చేర్చింది.

గాలి గింజలు ఒక్కటే దీని బలం కాదు. వరి, వేరుశనగ ఒక పంటకాలంతో తమ బతుకు ముగించుకొంటాయి. అవి ఏకవార్షికాలు. గడ్డి చేమంతి బహువార్షికం. ఒకసారి పూచి ఊరుకోదు. ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటుంది. వేసవిలో వాడి కుంచించుకుపోయినా, వేరు లోపల బతికి ఉంటే వాన తగలగానే మళ్ళీ చిగురిస్తుంది. నెల్లూరు తీరంలో వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అంతకుముందు ఎండను తట్టుకోగల మొక్కకే అక్కడ చోటు. పైగా దీని కొమ్మ కణుపు నేలకు తగిలితే అక్కడ వేరు పోస్తుంది.

గాయానికి ఆకు మంచిదేనా? మన దేశంలో 1980 తరువాత ఎలుకలమీద జరిపిన ప్రయోగాలలో ఈ ఆకు రసం గాయం మానడంపై చూపే ప్రభావాన్ని పరిశీలించారు. కాని ప్రయోగశాలలో తీసిన రసం వేరు, రోడ్డు పక్క తెంపి నలిపిన ఆకు వేరు. ఆకుతోపాటు మట్టి గాయంలోకి పోతే ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవులూ పోవచ్చు. కనుక గాయమైతే ముందు శుభ్రమైన నీటితో, సబ్బుతో కడగండి. పెద్దలకు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

దిబ్బమీది దాయాది

ఇప్పుడు ఊరి నుంచి సముద్రం వైపు నడుద్దాం. రోడ్డు పక్క, రొయ్యల చెరువు గట్టుమీద, కొత్తగా మట్టి తోలిన చోట గడ్డి చేమంతి గుంపులు గుంపులుగా ఉంటుంది. మనుషులు కదిపిన నేల అంటే దానికి ఇష్టం. సరుగుడు తోట దాటి ఇసుకదిబ్బ ఎక్కేసరికి అది పలచబడుతుంది. ఉప్పు తుంపర పడే చోట, ఇసుక రోజూ కదిలే చోట దాని కాలు నిలవదు.

అక్కడ వేరే జనం ఉంటారు. మేకడెక్క ఆకారపు ఆకులతో, ఊదారంగు పూలతో పాకే బాలబంద తీగ. ముళ్ళబంతుల్లాంటి కంకులతో రావణాసురుడి మీసాలు అనే గడ్డి. రోడ్డు పక్కన రావణుడి తలకాయ, దిబ్బమీద రావణుడి మీసాలు! ఈ రెంటి నడుమ బాగా వెతికితే గడ్డి చేమంతి దాయాది ఒకటి దొరుకుతుంది. దాని శాస్త్రీయ నామం లానియా సార్మెంటోసా. ఇది కూడా బహువార్షికమే. నేలకు అతుక్కొన్న ఆకుల గుత్తి నుంచి దారం లాంటి కొమ్మ ఇసుకమీద సాగుతుంది. కొంత దూరం పోయి వేరు దించి, అక్కడ మరో ఆకుల గుత్తిని వేస్తుంది. మళ్ళీ సాగుతుంది. ఇసుకమీద ఎవరో కుట్టు వేసినట్లే ఉంటుంది. ఆకు తుంచితే పాలు కారుతాయి. పువ్వు మొత్తం పసుపుపచ్చ.

ఈ పువ్వును కూడా విప్పి చూస్తే కొత్త సంగతి తెలుస్తుంది. ఇందులో గొట్టాల బజారు లేదు. ఉన్నవన్నీ రేకుల్లాంటి పూలే. గడ్డి చేమంతి కిరణ పుష్పకం కొనన మూడు పళ్ళుంటే, ఇక్కడ ప్రతి పువ్వు కొనన అయిదు పళ్ళుంటాయి. అయిదు ఆకర్షక పత్రాలు కలిసిపోయి ఒక్క రేకుగా మారాయనడానికి అవి గుర్తులు. ఇది తూర్పు ఆఫ్రికా నుంచి ఆగ్నేయాసియా దాకా హిందూ మహాసముద్ర తీరాలలో పెరిగే మొక్క. మాల్దీవుల దీవులలో దీని ఆకును కొబ్బరితో, చేపతో కలిపి తింటారు.

గాలి మోసుకొచ్చిన ఇసుక దీనిని కప్పేస్తే, ఇది మళ్ళీ పైకి లేచి కొత్త వేళ్ళు దించుతుంది. మళ్ళీ ఇసుక వస్తే మళ్ళీ లేస్తుంది. ఇలా ఈ చిన్నమొక్కా, తీగా, గడ్డీ కలిసి ఎగిరే ఇసుకను పట్టి నిలుపుతాయి. దిబ్బ అంటే ఊరికే పోగుపడ్డ ఇసుక కాదు. మొక్కలు కట్టిన గోడ.

దిబ్బ పోతే ఏమవుతుంది?

తీరగ్రామాల్లో దొరువు మీకు తెలిసే ఉంటుంది. ఇసుకలో కొద్ది లోతు గుంట తీస్తే మంచినీరు ఊరుతుంది. పక్కనే ఉప్పు సముద్రం ఉండగా ఈ తియ్యని నీరు ఎక్కడిది? వాననీరు ఇసుకలో ఇంకి, కిందనున్న ఉప్పునీటిమీద తేలుతూ ఉంటుంది. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. ఈ రెంటి బరువుల తేడానుబట్టి ఒక లెక్క ఉంది. మంచినీటి మట్టం సముద్రమట్టానికి 1 మీటరు పైన ఉంటే, సముద్రమట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉండగలదు. అంటే పైమట్టం ఒక్క మీటరు తగ్గితే, కిందనుంచి ఉప్పునీరు 40 మీటర్లు పైకి రాగలదు! దిబ్బను తవ్వి ఇసుక అమ్ముకొన్నా, చదును చేసినా వాననీటిని దాచే ఆ కొట్టు పోతుంది. దొరువు ఉప్పబడుతుంది.

గాలివానలకూ దిబ్బ అడ్డుగోడే. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను ఈ ప్రాంతాన్ని దెబ్బతీసింది. 2004 డిసెంబరు 26న సునామీ నెల్లూరు తీరాన్నీ తాకింది. కోరమండల్ తీరంలో ఎత్తయిన దిబ్బలు నిలిచి ఉన్న కొన్నిచోట్ల వాటి వెనుక నష్టం తక్కువగా ఉందని ఆ తరువాత పరిశీలించినవారు గుర్తించారు. తీరప్రాంత నియంత్రణకు కేంద్రప్రభుత్వం 1991లో నిబంధనలు తెచ్చింది. 2011లోనూ, 2019లోనూ వాటిని మార్చి రాసినప్పుడు ఇసుకదిబ్బలను అత్యంత జాగ్రత్తగా కాపాడవలసిన వాటి వరుసలో చేర్చింది.

కాబట్టి ఈ దాయాదులిద్దరూ మనకు ఒక కబురు చెబుతున్నారు. లానియా కుట్లు వేస్తున్న చోట దిబ్బ ఇంకా దిబ్బగానే ఉంది. ఒకప్పటి దిబ్బ ఉన్నచోట గడ్డి చేమంతి దట్టంగా పూస్తున్నదంటే, ఆ నేలను ఎవరో కదిపారు. తప్పు మొక్కది కాదు. దారి తెరిచింది మనం. అది గొడుగు పట్టుకొని వచ్చింది, అంతే.

మీరే చేసి చూడండి

ఒకటి: ఎండిన గడ్డి చేమంతి తల నుంచి పది గింజలు తీసుకోండి. గాలి లేని గదిలో, 2 మీటర్ల ఎత్తు నుంచి ఒక్కొక్కటే వదిలి, నేల చేరడానికి పట్టే సమయం రాయండి. తరువాత కుచ్చు కత్తిరించి మళ్ళీ వదలండి. సగటులు పోల్చండి. కుచ్చును కొద్దిగా తడిపి వదిలితే ఏమవుతుందో కూడా చూడండి.

రెండు: అయిదు తలలు విప్పి, ఒక్కొక్కదానిలో కిరణ పుష్పకాలు ఎన్నో, బింబ పుష్పకాలు ఎన్నో పట్టిక వేయండి. మీ మిత్రుల లెక్కతో సరిచూసుకోండి.

మూడు: తీరంలో ఉండే పిల్లలు ఉపాధ్యాయుడితో కలిసి రోడ్డు నుంచి అలల దాకా తిన్నగా నడవండి. ప్రతి 20 అడుగులకు ఆగి, కాళ్ళచుట్టూ చాపంత చోటులో ఏ మొక్కలున్నాయో పటం గీయండి. దిబ్బమీది మొక్కలను పెరకకండి, చూసి రాసుకోండి. పసుపు పూల లానియాను ఏ పేరుతో పిలుస్తారో మీ ఊరి పెద్దలను అడిగి ఆ పేరు కూడా పటంలో రాయండి. మరుసటి ఏడు అదే నెలలో అదే దారిన మళ్ళీ నడిచి, రెండు పటాలనూ పక్కపక్కన పెట్టండి. మీ దిబ్బ ఏమవుతున్నదో ఆ రెండు కాగితాలే చెబుతాయి.